నేతా, బొంతా, మిషన్ ఎంబ్రాయిడరీయా: మన ఇంట్లో ఏది కుదురుతుంది

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధివారిలోనూ, గుణుపురం, రాయగడ, బరంపురంలలో స్థిరపడిన మా బంధువుల్లోనూ ఉద్యోగ విరమణ చేసినవారు కొందరు, పిల్లలు పై చదువులకు వెళ్లిపోయి మధ్యాహ్నాలు ఖాళీ పడినవారు కొందరు నన్ను తరచుగా ఒకే సంగతి అడుగుతుంటారు. నూలుతోనో గుడ్డతోనో చేతికి ఏదైనా పని పెట్టుకోవాలని ఉంది, అందుకు చిన్న మగ్గం తెచ్చుకోవాలా, ఉన్న కుట్టుమిషన్ మీద బొంతలు కుట్టుకోవాలా, లేక డబ్బు పోసి ఎంబ్రాయిడరీ మిషన్ కొనుక్కోవాలా అని. ఈ మూడూ నేను కొన్నేళ్లుగా చేస్తున్నాను. బొంతలో చేయి తిరిగింది, నేతలో ఇప్పటికీ తడబడుతున్నాను, ఎంబ్రాయిడరీలో మొదట కొంత డబ్బు వృథా చేసుకున్నాను.

అడిగినవారికి నేను ముందుగా ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. మీకు దొరికే రెండు గంటల తీరికలో ఎన్నిసార్లు లేవవలసి వస్తుంది? పాలు పొంగుతున్నాయనో, గ్యాసు బండ వచ్చిందనో, అత్తగారికి మందు వేళయిందనో లేచే ఇల్లా, తలుపు వేసుకుంటే సాయంత్రం దాకా ఎవరూ పిలవని ఇల్లా? చాలామంది తాము ఏ వస్తువు చూసి ముచ్చటపడ్డారో దాన్నిబట్టి పని ఎంచుకుంటారు. చేతిలో చీర అందంగా ఉందని మగ్గం వైపు, జాకెట్ వెనుక నెమలి బాగుందని ఎంబ్రాయిడరీ వైపు వెళతారు. పూర్తయిన వస్తువు మన చేతిలో ఉండేది కాసేపే, దాన్ని తయారుచేసే పనితో గడిపేది నెలల తరబడి కాబట్టి, ఆ పని మన ఇంటి రోజులో ఇముడుతుందా లేదా అన్నదే నా లెక్కలో మొదటి కొలత.

నేత గురించి చెప్పే ముందు ఒక మాట చిక్కు విప్పాలి. ఇప్పుడు జాకెట్ల మీద పూసలూ జరీ కుట్టడానికి బట్టను బిగించే చెక్క చట్రాన్ని కూడా మగ్గం అనే అంటున్నారు, ఆ పనికి మగ్గం వర్క్ అని పేరు స్థిరపడిపోయింది. అది కొక్కెం మొన ఉన్న ఆరీ సూదితో చేసే కుట్టుపని, అందులో నిలువు పోగుల పడుగూ లేదు, అడ్డపోగుల పేకా లేదు. మా మేనకోడలు ఒకతె మగ్గం నేర్పబడును అన్న బోర్డు చూసి నేత నేర్చుకుందామని చేరి, మూడు నెలల తరువాత పూసలు కుట్టిన జాకెట్‌తో ఇంటికి వచ్చింది. ఆమెకు అదే నచ్చింది కాబట్టి నష్టమేమీ జరగలేదు కానీ, ఫీజు కట్టే ముందు అక్కడ నేర్పేది ఏ మగ్గమో అడగడం మంచిది.

అసలు నేతకు మన చుట్టుపక్కల కొదవ లేదు. బరంపురంలో పట్టు నేసే దేవాంగుల ఇళ్లలో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది, గోపురపు కొనల వంటి కుంభాలతో అంచు తీర్చే ఆ పట్టుకు జీఐ, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందని చెప్పే భౌగోళిక గుర్తింపు ఉంది. కోరాపుట్ జిల్లా కోట్‌పాడ్‌లో మిర్గాన్ నేతగాళ్లు, ఒడియావారు ఆలు అనీ మనవారు తొగరు అనీ పిలిచే చెట్టు వేళ్ల నుంచి తీసిన ఎరుపుతో ముతక నూలు అద్ది నేసే బట్టకు 2005లోనే ఆ గుర్తింపు దక్కింది. సరిహద్దు దాటి శ్రీకాకుళం వైపు వెళితే పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వి సన్న నూలు వడుకుతారు. అయితే వీటిని కళ్లారా చూసినవారే ఇంటి మగ్గం విషయంలో ఎక్కువ నిరాశపడడం నేను గమనించాను. నేలలో గుంట తవ్వి బిగించే గుంటమగ్గం ఒక కుటుంబం పని. ఒకరు కండెలు చుడతారు, ఒకరు పడుగు సరిచేస్తారు, ఒకరు నేస్తారు. తోచుబాటు కోసం ఒక్కరే కూర్చుని, గచ్చు తవ్వకుండా, బల్ల మీద పెట్టుకునే మగ్గంతో ఆ చీర రాదు. అది తువ్వాలు, కండువా, బల్లగుడ్డ, చేతిసంచి గుడ్డ నేసుకునే సాధనం, దాని సంతోషం అంతవరకే అని ముందుగా ఒప్పుకోవాలి.

ఇంటికి సరిపోయే మగ్గాలలో రిజిడ్ హెడిల్ మగ్గం అనే రకం అన్నిటికన్నా తేలిక. దువ్వెన వంటి ఒకే పలకలో ఒక చీలిక, ఒక రంధ్రం, మళ్లీ చీలిక, మళ్లీ రంధ్రం చొప్పున వరుసగా ఉంటాయి. సగం పోగులు రంధ్రాల గుండా, సగం చీలికల గుండా పోతాయి. పలకను పైకెత్తితే రంధ్రాలలోని పోగులు లేస్తాయి, కిందికి దించితే అవే దిగుతాయి, ఆ రెండు సందుల్లోంచి పేక నూలు చుట్టిన నాడెను అటూ ఇటూ పంపి అదే పలకతో పేకను దగ్గరకు కొట్టడమే నేత. చప్పుడు లేదు, కరెంటు అక్కరలేదు, పని ఆపి లేచినా చెడిపోయేది లేదు. అయితే ఈ సుఖమంతా పడుగు ఎక్కించిన తరువాతిది, దానికి ముందున్న పని వేరు.

నలభై సెంటీమీటర్ల వెడల్పు, నూట ఎనభై సెంటీమీటర్ల పొడవున్న కండువా ఒకటి నేయదలిచామనుకుందాం. అంగుళానికి 10 పోగుల పలక అయితే సుమారు 16 అంగుళాల వెడల్పుకు 160 పోగులు కావాలి. ఒక్కొక్క పోగు పొడవు కండువా పొడవుతో సమానంగా ఉంటే చాలదు. నేసేటప్పుడు పడుగు వంకరలు తిరిగి కుదించుకుపోయేదానికి పదోవంతు, మగ్గానికి ముందూ వెనుకా కట్టి చివరకు కత్తిరించి పారవేయవలసిన అరవై సెంటీమీటర్లు కలుపుకుంటే పోగుకు రెండు మీటర్ల అరవై సెంటీమీటర్లు. అంటే పడుగుకే 416 మీటర్ల నూలు. ఎనిమిదో నంబరు నూలు నాలుగు పోగులు పేనినది కిలోకు సుమారు 3,390 మీటర్లు తూగుతుంది కాబట్టి పడుగుకు 125 గ్రాములు, పేకకు మరో 95 గ్రాములు, మొత్తం పావుకిలోకు లోపు. నూలు ఖర్చు భయపెట్టేది కాదు. భయపెట్టేది ఆ 160 పోగులనూ సమానమైన బిగువుతో చుట్టడం, ఒక్కొక్కటీ తప్పిపోకుండా పలకలోకి ఎక్కించడం. కొత్తవారికి దీనికి ఒక పూట పూర్తిగా పడుతుంది, రెండో మనిషి పోగులు పట్టుకుంటే బిగువు తేలికగా కుదురుతుంది. మధ్యలో లేచి వెళితే లెక్క తప్పుతుంది, పిల్లి వస్తే చెప్పనే అక్కరలేదు. నేను పదిమార్లు లేచే ఇళ్లవారికి నేత వద్దనేది ఈ ఒక్క పూట కోసమే. పారవేసే అరవై సెంటీమీటర్లు ఒక కండువాకైనా మూడు కండువాలకైనా అంతే కాబట్టి, ఎక్కించే కష్టం ఎలాగూ పడుతున్నప్పుడు మూడింటికి సరిపడే పడుగు వేసుకోవడం తెలివైన పని.

తొలి కండువా అంచులు గిన్నెలా లోపలికి పోతాయి. మొదట్లో నలభై సెంటీమీటర్లు ఉన్నది మధ్యకు వచ్చేసరికి ముప్పై అయిదు అవుతుంది. పేకను అంచు దాకా లాగి బిగించడమే కారణం. నాడె పంపిన తరువాత పోగును సందులో ఏటవాలుగా వదిలి అప్పుడు కొడితే వంకరకు కావలసిన పొడవు దానికి దొరుకుతుంది. ఈ ఒక్క సంగతి నాకు ఎవరైనా మొదటే చెప్పి ఉంటే రెండు కండువాలు మిగిలేవి. ఇక వాతావరణం నేతకు విచిత్రంగా కలిసివస్తుంది. నూలు దారం తేమలో బలపడుతుంది, ఎండాకాలపు పొడి గాలిలో పెళుసుబారి తెగుతుంది. గుంటమగ్గాల పడుగు నేలకు దగ్గరగా ఉండడంలో ఈ లాభం కూడా ఉంది. మన శ్రావణ భాద్రపదాలు నేతకు మంచివే, అయితే గంజి పెట్టిన పడుగును వానల్లో వారాల తరబడి మగ్గం మీద వదిలేస్తే బూజు పట్టి పోగులు ఒకదానికొకటి అంటుకుంటాయి. మొదలుపెట్టిన పడుగును ముగించగలిగే తీరిక ఉన్నప్పుడే ఎక్కించండి.

డబ్బు పెట్టే ముందు పరీక్షగా పాత ఫొటో ఫ్రేము ఒకదానికి పైనా కిందా అర సెంటీమీటరు ఎడంలో చిన్న మేకులు కొట్టి, వాటికి నూలు చుట్టి, పెద్ద సూదితో పేక దూర్చి అరచేయంత గుడ్డ నేసి చూడమంటాను. అది నాలుగు రోజుల పని. నాలుగో రోజు కూడా మీకు మళ్లీ కూర్చోవాలని అనిపిస్తేనే మగ్గం సంగతి ఆలోచించండి.

బొంత దగ్గరకు వస్తే నేను నిష్పక్షపాతంగా మాట్లాడలేనేమో. పొంతన లేని రాతను అతుకుల బొంత అని తీసిపారేయడం మన భాషలో అలవాటు. కానీ సరిగ్గా కుట్టిన బొంతలో అతుకులన్నీ గీత గీసినట్టు కలుస్తాయి, ఆ పోలిక తెచ్చినవారు మంచి బొంతను చూడలేదని నా అనుమానం. మన ఇళ్లలో పెద్దవాళ్లు కుట్టిన బొంతలో దూది ఉండదు. మెత్తబడిన పాత నూలు చీరలూ పంచెలూ నాలుగైదు పొరలుగా పరిచి, ముందు చుట్టూ అంచు కుట్టి, ఆ తరువాత లోపలికి లోపలికి వరుసలుగా దూరదూరంగా కుట్టుకుంటూ పోవడమే. ఇప్పుడు క్విల్టింగ్ అని పిలుస్తున్నదానికి పైన ముక్కలు కలిపి కుట్టిన గుడ్డ, నడుమ వాడింగ్ అనే పలుచని దూదిపొర, అడుగున అస్తరు, ఈ మూడూ కదలకుండా పైనుంచి అడుగు దాకా దిగే కుట్టు ఉంటాయి. ముక్కలు అతకడమే క్విల్టింగ్ అనుకునేవారు ఉన్నారు. నిజానికి పొరలను కలిపే కుట్టు పేరే అది, మన అమ్మమ్మలు ముక్కలు లేకుండా కుట్టినదీ క్విల్టింగే.

బొంత గొప్పతనం దాన్ని ఎక్కడైనా ఆపగలగడంలో ఉంది. రెండు ముక్కలు కలపడానికి ఒక నిమిషం పడుతుంది, గంట ఉంటే అరవై అతుకులు, పావుగంట ఉంటే పదిహేను. లేచి వెళ్లి వచ్చినా బల్ల మీద ముక్కలు అలాగే ఉంటాయి. ఒక మనిషి కప్పుకునే బొంతకు, కుట్టాక పదిహేను సెంటీమీటర్లు మిగిలే చదరాలు అడ్డంగా పది, నిలువుగా పద్నాలుగు, మొత్తం నూట నలభై అనుకుందాం. ప్రతి వైపునా కుట్టులోకి ఆరు మిల్లీమీటర్లు పోతుంది కాబట్టి కత్తిరించవలసిన చదరం 16.2 సెంటీమీటర్లు. 110 సెంటీమీటర్ల పన్నా గుడ్డలో అడ్డంగా ఆరు వస్తాయి, నూట నలభైకి ఇరవై నాలుగు వరుసలు, అంటే నాలుగు మీటర్లకు కాస్త తక్కువ గుడ్డ చాలు. పాత గుడ్డలే వాడితే అదీ అక్కరలేదు. కుట్టులోకి పోయే ఆ ఆరు మిల్లీమీటర్ల దగ్గరే పని బాగుండేదీ చెడేదీ. ప్రతి అతుకులో ఒక మిల్లీమీటరు ఎక్కువ పోతే రెండు ముక్కలకూ కలిపి రెండు మిల్లీమీటర్ల వెడల్పు తగ్గుతుంది, పది చదరాల వరుసకు వచ్చేసరికి తొమ్మిది అతుకులలో దాదాపు రెండు సెంటీమీటర్లు తేడా వచ్చి పక్క వరుసతో మూలలు కలవవు. మిషన్ పలక మీద సూది నుంచి ఆరు మిల్లీమీటర్ల దూరంలో ఒక టేపు ముక్క అంటించుకుని, గుడ్డ అంచును దానికి ఆనించి కుట్టడం ఎవరైనా చేయగల ఉపాయం.

గుడ్డ విషయంలో మాత్రం పిసినారితనం పనికిరాదు. దర్జీ దుకాణంలో అడిగితే కత్తిరింపులు సంచి నిండా ఇస్తారు కానీ, అందులో పాప్లిన్, టూ బై టూ, క్రేపు, శాటిన్ అన్నీ కలిసి ఉంటాయి. నూలును క్రేపుతో అతికితే మొదటి ఉతుకులోనే ఒకటి ముడుచుకుని మరొకటి ఉబ్బుతుంది. నూలు గుడ్డలను వేరుచేసి, కొత్తవాటిని ఉతికి ఆరవేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించాలి. ముదురు ఎరుపు, నీలం గుడ్డలను తడిపి తెల్లగుడ్డ మధ్య పెట్టి నొక్కి చూస్తే రంగు వదిలేదీ లేనిదీ తెలుస్తుంది. ఉప్పునీళ్లలో నానబెడితే రంగు నిలుస్తుందని పెద్దలు చెప్పే మాట నా అనుభవంలో నిలబడలేదు, వదిలే గుడ్డ వదులుతూనే ఉంటుంది, దాన్ని పక్కన పెట్టడమే మేలు.

కుట్టడానికి కాలితో తొక్కే పాత నల్ల మిషన్ భేషుగ్గా సరిపోతుంది, నిజానికి కొత్త ప్లాస్టిక్ మిషన్ల కంటే దట్టమైన పొరల మీద అదే తడబడకుండా నడుస్తుంది. సూది పద్నాలుగో నంబరుదో పదహారుదో వేసుకుని, కుట్టు పొడవు కాస్త పెంచుకోవాలి. మూడు పొరలనూ నేల మీద ముడతలు లేకుండా పరిచి, జానెడుకు ఒకటి కాదు, బెత్తెడుకు ఒకటి చొప్పున పిన్నీసులు గుచ్చి, మధ్యలోంచి మొదలుపెట్టి అంచుల వైపు కుట్టుకు వస్తే అడుగున అస్తరు ముడుచుకోదు. ఈ దశ ఒక్కటే శరీరానికి కష్టం. రెండు మీటర్ల బొంతను చుట్టలు చుట్టి మిషన్ చేయి కింద ఉన్న జానెడు సందులోంచి తోయడం నడుము నొప్పి ఉన్నవారికి సాగదు. వారు ముక్కలను మిషన్ మీద అతికి, పొరలను మాత్రం మంచం మీద వేసుకుని చేత్తో దూరకుట్టు వేసుకోవచ్చు. మా ఇంట్లో కార్తీక మాసం సాయంత్రాలలో ఒకే బొంతకు నలుగురం నాలుగు వైపులా కూర్చుని కుడతాము, అలా కబుర్లాడుతూ చేయగలిగినది ఈ మూడింటిలో ఇది ఒక్కటే.

ఎంత మందం వేయాలన్నది ఊరినిబట్టి ఉంటుంది. కోరాపుట్, జయపురం వైపు ఎత్తు ప్రాంతాలలో పుష్యమాసపు చలికి వాడింగ్ వేసిన బొంత ఉండవలసిందే. బరంపురం, ఛత్రపురం వైపు సముద్రపు గాలిలో అది ఏడాదిలో పది రోజులు కూడా పనికిరాదు, అక్కడ రెండు పొరల పాతచీర బొంతే సుఖం. తడి ప్రాంతంలో నూలు దూది వాడింగ్ ఆరడానికి రెండు రోజులు తీసుకుని వాసన పట్టేస్తుంది కాబట్టి, నాకు నూలే ఇష్టమైనా, వానలు ఎక్కువ పడే చోట్ల పాలిస్టర్ వాడింగే వేయమంటాను. ముక్కలు అతకడం కంటే ముక్కలతో బొమ్మలు తీర్చడం ఇష్టమైనవారికి పూరీ జిల్లా పిపిలి వారి చాందువా పని ఒక దారి చూపుతుంది. రథయాత్ర గుడ్డల ఎరుపు, పసుపు, నలుపు, ఆకుపచ్చలను ఒకదానిపై ఒకటి అతికి ఏనుగులూ పూలూ తీర్చే ఆ పద్ధతిని బొంత నడిమి చదరానికి వాడుకుంటే ముచ్చటగా ఉంటుంది.

మిషన్ ఎంబ్రాయిడరీ అన్న పేరు కింద నిజానికి రెండు వేర్వేరు పనులు ఉన్నాయి, కొనబోయేవారు పొరబడేది ఇక్కడే. ఒకటి, మామూలు మిషన్ మీదో జిగ్‌జాగ్ మిషన్ మీదో గుడ్డను రింగులో బిగించి, చేత్తో రింగును కదుపుతూ, సూదిని కలంలా వాడి బొమ్మ గీయడం. రెండోది, కంప్యూటర్ మిషన్‌లో డిజైన్ ఫైలు ఎక్కించి, ఫ్రేము తగిలించి, మీట నొక్కితే మిషనే ఫ్రేమును కదిపి కుట్టుకుపోవడం. మొదటిదానిలో చేతి నైపుణ్యం, రెండోదానిలో ఏర్పాటు చేయడంలో నేర్పు. కంప్యూటర్ మిషన్ కొంటే పని తానే చేసుకుపోతుందని నేనూ అనుకున్నాను. అమ్మినవారు ఇంటికి వచ్చి నేర్పుతామన్నారు, డబ్బు కట్టిన తరువాత ఒక్కసారి కూడా రాలేదు. దానికంటే పెద్ద తప్పు నాదే. ఫ్రేము ఎంత వైశాల్యం కుట్టగలదో అడగలేదు. పది సెంటీమీటర్ల చదరపు ఫ్రేముతో జేబు మీద పువ్వు కుట్టవచ్చు కానీ, జాకెట్ వెనుక మెడ చుట్టూ తిరిగే డిజైన్‌ను మూడు నాలుగు భాగాలుగా విడదీసి, ప్రతిసారీ బట్టను సరిగ్గా అదే గీతకు తిరిగి బిగించాలి. నా మొదటి జాకెట్ మీద తీగ మధ్యలో రెండు మిల్లీమీటర్లు పక్కకు జరిగి విరిగినట్టు కనిపిస్తుంది, కొంగు కప్పుకుని తొడుక్కుంటాను. బొమ్మలు ఎన్ని ఉన్నాయి, రంగు తెర ఉందా అని కాదు, ఫ్రేము కొలత ఎంత అని అడిగి కొనండి, ఇరవై సెంటీమీటర్లకు తగ్గితే జాకెట్ల ఆశ వదులుకోవడం మంచిది.

వేగం గురించి కూడా లెక్క వేసుకోవాలి. పది వేల కుట్లు ఉన్న మాదిరి డిజైన్ నిమిషానికి నాలుగు వందల కుట్ల చొప్పున ఇరవై అయిదు నిమిషాలలో అయిపోవాలి. ఇంటి మిషన్‌కు ఒకే సూది ఉంటుంది కాబట్టి రంగు మారిన ప్రతిసారీ మనమే లేచి దారం మార్చాలి, ఆరు రంగుల నెమలికి గంట పడుతుంది. ఆ గంటలో వంట చేసుకోవచ్చని అమ్మేవారు చెబుతారు. దారం తెగినా, అడుగున బాబిన్ అయిపోయినా, గుడ్డ వదులైనా పక్కన లేకపోతే గుడ్డ పాడవుతుంది, కాబట్టి వంటింటికి వెళ్లవచ్చు కానీ చెవి మిషన్ దగ్గరే ఉండాలి. గుడ్డ ముడుచుకోకుండా అడుగున కాగితం వంటి స్టెబిలైజర్ వేయాలి. సాగే గుడ్డకు కత్తిరించి ఉంచేసే రకం, నేత గుడ్డకు చింపి తీసేసే రకం, వలలాంటి పలుచని గుడ్డకు నీళ్లలో కరిగిపోయే రకం సరిపోతాయి. దారం నలభై నంబరు పాలిస్టర్‌దో రేయాన్‌దో వాడతారు, ఉతుకులకు పాలిస్టరే గట్టిది. సొంత బొమ్మలు తయారు చేసుకోవాలంటే ఇంక్‌స్టిచ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, గీసిన గీతలను అది కుట్లుగా మార్చి మిషన్ చదివే డీఎస్‌టీ, పీఈఎస్, జెఫ్ వంటి ఫైళ్లుగా ఇస్తుంది. కంప్యూటర్ అంటే ఇష్టమున్న కుర్రవాళ్లకూ, రిటైరైన ఇంజినీర్లకూ నేను ఎంబ్రాయిడరీ సూచించేది ఇందుకే, వారి ఆనందం గుడ్డలో కంటే ఆ తెర మీదే ఎక్కువ ఉంటుంది.

కరెంటు మాట ఎత్తకుండా మన జిల్లాలలో ఈ మిషన్ గురించి మాట్లాడలేము. ఈదురుగాలుల నెలల్లో డిజైన్ సగంలో ఉండగా కరెంటు పోవడం మామూలే. కొన్ని మిషన్లు ఆగిన చోటు గుర్తుపెట్టుకుంటాయి, కొన్ని పెట్టుకోవు. తెర మీద కనబడే కుట్ల సంఖ్యను మధ్యమధ్యలో కాగితం మీద రాసుకుంటూ, ఫ్రేమును విప్పకుండా ఉంచితే అక్కడి నుంచి కొనసాగించవచ్చు. చవక ఇన్వర్టర్ మీద నడపకండి, శుద్ధమైన సైన్ వేవ్, అంటే ఇంటి కరెంటులాగే నున్నని అలగా సాగే కరెంటు ఇచ్చేదే ఈ ఎలక్ట్రానిక్స్‌కు సరిపడుతుంది, ఆ ఖర్చు కూడా మిషన్ ధరలో కలుపుకుని ఆలోచించాలి.

డిజైన్ల ఎంపికలో ఒక హెచ్చరిక. రాయగడ వైపున్నవారికి నియమగిరి డోంగ్రియా కోంధుల కప్‌డాగండా శాలువా పరిచయమే. ఎవరో నేసిన తెల్లని ముతక గుడ్డ మీద డోంగ్రియా ఆడపిల్లలు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో కొండల వంటి త్రికోణాలనూ గీతలనూ చేత్తో కుడతారు. 2024 జనవరిలో దానికి జీఐ గుర్తింపు వచ్చింది. ఆ బొమ్మలను ఫైలుగా మార్చి మిషన్‌తో కుట్టి ఆ పేరుతో అమ్మడం సరైన పని కాదు. ఆ కుట్టు మీద ఇష్టముంటే ఒక శాలువా వారి దగ్గర కొనుక్కోండి, మిషన్ మీద మీ ముంగిట ముగ్గునే ఫైలుగా మార్చుకోండి. చుక్కల ముగ్గులు కుట్లలోకి ఎంత చక్కగా ఒదుగుతాయో చేసి చూస్తేనే తెలుస్తుంది.

తప్పు దిద్దుకోవడం మూడింటిలో మూడు రకాలుగా ఉంటుంది, ఓపిక తక్కువైనవారు దీన్ని కొలతగా తీసుకోవచ్చు. నేతలో పేకను వచ్చిన దారినే వెనక్కి తీస్తే గుడ్డ లేదు, తప్పూ లేదు. బొంతలో అతుకు విప్పి మళ్లీ కుడతాము, ముక్క చెడదు. ఎంబ్రాయిడరీలో దట్టంగా కుట్టిన పువ్వును విప్పితే గుడ్డ జల్లెడవుతుంది. అందుచేత పట్టు జాకెట్ మీద పెట్టే ప్రతి డిజైన్‌నూ ముందు అదే మందమున్న పాతగుడ్డ మీద ఒకసారి కుట్టించి చూడడం తప్పనిసరి.

ఇక నా సలహా. ఇంట్లో కుట్టుమిషన్ ఉండి, పని మధ్యలో పిలుపులు తప్పని వారు బొంతతో మొదలుపెట్టండి, అదీ పెద్దది కాదు, తొమ్మిది చదరాల దిండు గలీబు. దాన్ని ముగించాక అదే మిషన్ మీద చేతితో కదిపే ఎంబ్రాయిడరీ ప్రయత్నించండి, ఇందుకు పైసా ఖర్చు లేదు. గుడ్డను నొక్కిపట్టే పాదం తీసివేసి, గుడ్డను తోసే దంతాలను కిందికి దించాలి, దించే మీట లేని మిషన్ అయితే వాటిపై పలుచని రేకు బిగించాలి. రింగును చేతి ఎంబ్రాయిడరీకి పట్టినట్టు కాకుండా తలకిందులుగా, గుడ్డ మిషన్ పలకకు ఆనేటట్టు పెట్టాలి. పాదం లేదు కదా అని దాని మీటను పైకే వదిలేస్తే దారానికి బిగువు ఉండక అడుగున పిచ్చుక గూడు కట్టుకుంటుంది, కాబట్టి మీట దించడం మరవకూడదు. ఇది చేతికి వచ్చాక కూడా కంప్యూటర్ మిషన్ కావాలనిపిస్తే అప్పుడు కొనండి, అప్పటికి మీకు ఏ కొలత ఫ్రేము కావాలో మీకే తెలుస్తుంది. ఇంట్లో ఒంటరిగా, నిశ్శబ్దంగా, ఒకే కదలికను గంటల తరబడి చేస్తూ అందులో మనసు నిలుపుకోగలవారికి మాత్రం నేను బొంతను దాటి నేరుగా నేతే చెబుతాను. అటువంటివారు తక్కువ, కానీ వారికి మిగతా రెండూ చిరాకు పుట్టిస్తాయి. మోకాళ్ల నొప్పులున్నవారికి బల్ల మీది మగ్గం, తొక్కనక్కరలేని కరెంటు మిషన్ రెండూ పరవాలేదు. చూపు మందగించినవారు ఎంబ్రాయిడరీ జోలికి వెళ్లకుండా ముదురు రంగు ముతక నూలుతో నేయడం మేలు, పోగులు చేతికే తెలుస్తాయి.

పాత మిషన్ కొనదలిచినవారు కొనే చోటే మూడు మడతల నూలుగుడ్డ మీద ఒక బార కుట్టించి చూడండి. పైనా కిందా కుట్టు ఒకేలా ఉండాలి, చక్రం తిప్పినప్పుడు ఎక్కడా పట్టకూడదు, బాబిన్ కేస్‌లో తుప్పు ఉండకూడదు. దంతాలు దిగుతాయో లేదో మిషన్ వంచి అడుగున చూసుకోండి. మన ఊళ్లలో వానాకాలం గడిచిన మిషన్లలో మొదట పాడయ్యేది బాబిన్ కేసే, అది తుప్పు పట్టి ఉంటే ధర తగ్గించమనండి, కొత్తది వేసుకోవడం కష్టమేమీ కాదు.